బాస్క్ ప్రాంతంలో క్యాంపర్ వ్యాన్ యాత్ర: బండి ఎక్కడ ఆపాలో తేల్చుకున్నాకే బయల్దేరండి

ఉత్తర స్పెయిన్‌లోని బిల్బావోలో మొదలుపెట్టి, తీరం వెంట దొనోస్తియా (మ్యాపుల్లో శాన్ సెబాస్టియన్ అని కూడా ఉంటుంది) దాకా వెళ్లి, సరిహద్దు దాటి ఫ్రాన్స్ వైపు బాస్క్ పల్లెలు చూసుకుని, పిరెనీస్ కొండల మీదుగా పాంప్లోనా, విటోరియా చేరి తిరిగి బిల్బావోకి వస్తే మొత్తం 500 కిలోమీటర్ల లోపే. పక్కదార్లు పట్టినా 600 దాటదు. ఇంత చిన్న చుట్టులో కూడా చాలామందికి సగం రోజు వృథా అవుతుంది, బండి నిలపడానికి చోటు దొరక్క. రేవు ఊళ్లు కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉంటాయి. బీచ్ పార్కింగుల ముందు రెండు మీటర్ల ఎత్తులో ఇనుప కమ్మీలు అడ్డంగా ఉంటాయి. అందుకే ఇక్కడ ప్లాన్ తలకిందులుగా వేసుకోవాలి. ముందు రాత్రి బసలు ఖాయం చేసుకోండి, ఆ బసల నుంచి బస్సులో, రైల్లో, నడకలో ఏవేవి అందుతాయో చూసుకోండి. వ్యాన్ పడుకోవడానికీ ఊరు మారడానికీ. ఊళ్లు చూడటానికి యూస్కోట్రెన్ రైలు ఉంది.

ఎప్పుడు వెళ్లాలి

మే రెండో సగం నుంచి జూన్ ఆఖరు వరకు, లేదా సెప్టెంబరు. జూలై, ఆగస్టుల్లో తీరంలోని క్యాంప్‌సైట్లు నెలల ముందే నిండిపోతాయి. జూలై 6 నుంచి 14 వరకు పాంప్లోనాలో శాన్ ఫెర్మిన్ ఉత్సవాలు. ఎద్దుల పరుగు చూడాలని మీ యాత్రే అందుకోసం పెట్టుకుంటే తప్ప ఆ తొమ్మిది రోజులు వ్యాన్‌తో ఆ ఊరి దరిదాపులకు వెళ్లకండి. ఆగస్టు 15 చుట్టూ దొనోస్తియాలో, ఆ వెంటనే బిల్బావోలో పెద్ద జాతరలు జరుగుతాయి.

వాన గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. దొనోస్తియాలో ఏడాదికి 1,500 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది, అంటే హైదరాబాద్‌కి దాదాపు రెట్టింపు. పైగా మనలా నాలుగు నెలల్లో కురిసి ఊరుకోదు, ఏడాదంతా పరుచుకుని పడుతుంది. సిరిమిరి అని వాళ్లు పిలిచే ముసురు రోజంతా పట్టగలదు. గొడుగు కన్నా టోపీ ఉన్న రెయిన్ జాకెట్ మేలు, గాలికి గొడుగు నిలవదు. తడి బట్టలు వ్యాన్‌లోనే ఆరేస్తే తెల్లారేసరికి అద్దాలన్నీ చెమ్మ కారుతుంటాయి. రెండు మూడు రాత్రులకొకసారి డ్రయర్ ఉన్న క్యాంప్‌సైట్ పెట్టుకోండి.

కాగితాలు

భారత్ నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, ఈ చుట్టులో అది స్పెయిన్. వ్యాన్ అద్దె ఒప్పందం ఒక్కటే బసకు రుజువుగా సరిపోతుందనుకోకండి. రద్దు చేసుకునే వీలున్న క్యాంప్‌సైట్ బుకింగులు తేదీల వారీగా జత చేయండి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఉండాలి.

లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మీ ఆర్‌టీఏ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు, అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. యూరప్‌లోనే ఉంటూ అక్కడి లైసెన్సు తీసుకున్న తెలుగువాళ్లకు ఈ పర్మిట్ అక్కర్లేదు. ఎవరి లైసెన్సయినా అక్కడి మామూలు కార్ల తరగతి కింద నడపగలిగేది 3,500 కిలోల బండి వరకే. అద్దెకు దొరికే వ్యాన్లు, మోటార్‌హోమ్‌లు చాలావరకు సరిగ్గా ఆ పరిమితి దగ్గరే ఉంటాయి. అందులో నలుగురు మనుషులు, సూట్‌కేసులు, నిండా 100 లీటర్ల నీళ్లు కలిస్తే బరువు దాటిపోతుంది. నీళ్లు 20–30 లీటర్లతో ప్రయాణించి, రాత్రి ఆగే చోట నింపుకోవడం అన్ని విధాలా మంచిది.

డిపాజిట్ కింద క్రెడిట్ కార్డులో తరచూ వెయ్యి యూరోల పైనే బ్లాక్ చేస్తారు. కార్డు డ్రైవర్ పేరు మీదే ఉండాలంటారు. విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో, పరిమితి ఎంతో బయల్దేరే ముందే చూసుకోండి. ఫ్రాన్స్‌లోకి వెళ్తామని బుకింగ్ అప్పుడే చెప్పి ఒప్పందంలో రాయించుకోండి.

ఎంత బండి తీసుకోవాలి

ఇద్దరికి, లేదా ఇద్దరూ ఒక చిన్న పిల్లకూ ఐదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల లోపు ఎత్తున్న పాప్-టాప్ వ్యాన్ ఈ ప్రాంతానికి అన్నిటికన్నా నప్పుతుంది. పైకప్పు రాత్రికి లేస్తుంది, పగలు మూసుకుంటుంది. మామూలు కారు పట్టే చోట పడుతుంది, చాలా ఎత్తు కమ్మీల కింద నుంచి దూరుతుంది. లోపం ఏమిటంటే టాయిలెట్ ఉండదు, ఉన్నా సీటు కింద దాచుకునే చిన్నదే. ప్రతి రాత్రీ క్యాంప్‌సైట్‌లోనే ఉండేవాళ్లకు అది లోటు కాదు.

టాయిలెట్, షవర్ కావాలంటే ఆరు మీటర్ల ప్యానెల్ వ్యాన్. ఎత్తు 2.6 మీటర్లు, వెడల్పు 2.05 మీటర్లు. నలుగురున్న కుటుంబానికి ఇదే గరిష్ఠం అనుకోండి. ఏడు మీటర్ల పెట్టె మోటార్‌హోమ్ ఫ్రాన్స్ మైదానాల్లో బాగుంటుంది కానీ, లెకేతియో, ముత్రికు లాంటి రేవు ఊళ్లలో ఎదురుగా బస్సొచ్చిందంటే చెమటలు పడతాయి.

కుడి వైపు డ్రైవింగ్, కుడి చేత్తో గేర్లు. మొదటిసారి నడిపేవాళ్లు కొంచెం ఖరీదైనా ఆటోమేటిక్ అడగండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో తప్పు చేతికి గేరు వెతుక్కునే ఇబ్బంది తప్పుతుంది.

తాళాలు తీసుకునే రోజు

దీనికి గంటన్నర కేటాయించుకోండి. విమానం దిగిన వెంటనే, నిద్ర లేకుండా, ఈ పని పెట్టుకోవద్దు. ఒక రాత్రి బిల్బావోలో గది తీసుకుని మర్నాడు పొద్దున బండి తీసుకోవడం తెలివైన పని.

చుట్టూ తిరిగి వీడియో తీయండి. గుడారపు పందిరి, ప్లాస్టిక్ కిటికీలు, వెనక బంపర్, ముందు అద్దం, ముఖ్యంగా పైకప్పు అంచులు. అద్దె బీమాల్లో చాలావాటికి పైకప్పుకు తగిలిన దెబ్బ వర్తించదు, ఆ డబ్బు పూర్తిగా మీ నెత్తినే పడుతుంది. అందుకే బండి ఎత్తు, వెడల్పు, పొడవు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. ఎత్తులో పైన బిగించిన వెంటిలేటర్‌నీ సోలార్ పలకనూ కలపండి.

ఫ్రిజ్ ఏ రకమో అడగండి. కంప్రెసర్ ఫ్రిజ్ అయితే లోపలి బ్యాటరీ మీద నడుస్తుంది. ముసురు పట్టి సోలార్ పనిచేయక, బండి కదపకుండా రెండు రాత్రులు ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. మూడు రకాలుగా నడిచే ఫ్రిజ్ అయితే నడిచేటప్పుడు 12 వోల్టులు, ఆగినప్పుడు గ్యాస్, క్యాంప్‌సైట్‌లో కరెంటు. బండి ఒరిగి నిలబడితే ఇది సరిగ్గా చల్లబడదు.

డీజిల్ మూత, యాడ్‌బ్లూ మూత, నీళ్ల మూత మూడూ తెరిపించి చూడండి. నీలం మూత యాడ్‌బ్లూది, అంటే డీజిల్ పొగను శుభ్రపరిచే ద్రవానిది. డీజిల్ ట్యాంకులో యాడ్‌బ్లూ పోస్తే ఇంధన వ్యవస్థే పాడవుతుంది, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా సహాయానికి ఫోన్ చేయాలి. బంకులో స్పెయిన్‌లో గాసోలెయో ఆ, ఫ్రాన్స్‌లో గాజోల్ అని ఉన్నదే డీజిల్. స్పెయిన్‌లో గాసోలెయో బే అని కనిపిస్తే అది ట్రాక్టర్లకు, రోడ్డు బండ్లలో పోయకూడదు. వంద కిలోమీటర్లకు 9 నుంచి 11 లీటర్లు లెక్కేసుకోండి.

స్పెయిన్‌లో రిజిస్టరైన బండిలో వీ-16 అనే పసుపు దీపం ఉండాలి. 2026 జనవరి 1 నుంచి త్రికోణాల బదులు ఇదే తప్పనిసరి. బండి ఆగిపోతే దిగకుండానే చేయి చాచి పైకప్పు మీద అంటిస్తారు. మెరిసే జాకెట్లు డిక్కీలో కాదు, సీటు పక్కనే ఉంచుకోండి. ఏ ఆపదకైనా రెండు దేశాల్లోనూ 112.

రాత్రి ఎక్కడ ఆపాలి, ఏది నేరం

స్పెయిన్ రోడ్ల నియమం ఒక్క మాటలో: బండి ఆపుకుని లోపల నిద్రపోవచ్చు, బయట కాపురం పెట్టకూడదు. చక్రాలు తప్ప మరేదీ నేలను తాకకూడదు. పందిరి విప్పకూడదు. బయటికి తెరుచుకునే కిటికీ, కుర్చీ, బల్ల, బట్టలారేసిన తాడు, అన్నీ క్యాంపింగ్ కిందికే వస్తాయి. చుక్క నీరు కింద పడకూడదు, అది సింక్ నీళ్లయినా సరే. బండి సమంగా నిలవడానికి చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ ర్యాంపులు కూడా వీధి పార్కింగులో వాడకండి, వాదనకు తావు ఇవ్వడం ఎందుకు. ఆపైన ప్రతి మున్సిపాలిటీకీ సొంత నిబంధనలుంటాయి. మోటార్‌హోమ్ బొమ్మ మీద ఎర్ర గీత కనిపిస్తే మారుమాట లేకుండా కదిలిపోండి. జరిమానా పడితే 20 రోజుల్లో కట్టినవాళ్లకు సగం తగ్గుతుంది. అక్కడ చిరునామా లేనివాళ్లను మాత్రం అప్పటికప్పుడే కట్టమంటారు.

ఫ్రాన్స్ వైపు తీరంలోని ఊళ్లు చాలావరకు రాత్రి ఆగడాన్ని నిషేధించాయి. వాటి బదులు "ఎయిర్" అనే మోటార్‌హోమ్ స్థలాలు ఉంటాయి. బియారిజ్‌లో మిలాడీ బీచ్ దగ్గర ఒకటి, సాన్-జాన్-ద-లూజ్‌లో రైల్వే స్టేషన్ పక్కన ఒకటి. రెండూ చిన్నవే, పొద్దున పదకొండు లోపు చేరితేనే చోటు.

స్పెయిన్ వైపు నమ్ముకోదగ్గవి ఇవి. బిల్బావోలో నగరం పైన కొండ మీద కొబేతమెంది స్థలం. చలికాలంలో తెరవరు, కాబట్టి తేదీలు చూసుకోండి. అక్కడి నుంచి సిటీ బస్సు 58 మధ్యలోకి దింపుతుంది. దొనోస్తియాలో విశ్వవిద్యాలయం దగ్గరి బెరియో స్థలం. ఉండగలిగే గంటలకు పరిమితి ఉంది, ముందస్తు బుకింగ్ ఉండదు, పొద్దున తొమ్మిదిన్నర పది మధ్య బండ్లు ఖాళీ అయ్యేటప్పుడు వెళ్లాలి. ఒందరేతా బీచ్‌కి నడిచిపోవచ్చు. అక్కడ దొరక్కపోతే ఇగేల్దో కొండ మీది క్యాంప్‌సైట్, బస్సు 16. విటోరియాలో లకువా స్థలం ఉచితం, ట్రామ్ దగ్గరే.

బిల్బావో, దొనోస్తియా రెండింటిలోనూ నడిబొడ్డున తక్కువ కాలుష్య మండలాలు వచ్చాయి. మీ బండికి కాలుష్య స్టిక్కర్ ఉన్నా వ్యాన్‌తో లోపలికి వెళ్లాల్సిన పనే లేదు.

బీచ్ పార్కింగుల్లో పగలు అద్దాలు పగలగొట్టే దొంగలుంటారు. పాస్‌పోర్టులు ఒంటి మీదే ఉండాలి. హైవే మీద ఎవరైనా పక్కనుంచి చేతులూపి "టైరు పోయింది" అని సైగ చేస్తే అక్కడ ఆగకండి. మెల్లగా తర్వాతి బంకు దాకా వెళ్లి, తలుపులు వేసి దిగి చూసుకోండి.

దారి: పది రోజులకు

మొదటి రెండు రోజులు బిల్బావో. 1997లో తెరిచిన గుగెన్‌హైమ్ మ్యూజియం అందరికీ తెలిసిందే. మెట్రో ఎక్కి పోర్తుగలేతే వెళ్లి, 1893 నాటి వేలాడే రవాణా వంతెన కూడా చూడండి. నది మీద తీగలకు వేలాడే పెట్టెలో మనుషులు, కార్లు దాటుతుంటారు, పైన నడిచే దారి కూడా ఉంది.

మూడో రోజు గస్తెలుగాచె. సముద్రంలోని రాతిగుట్ట మీద గుడి, 241 మెట్లు. రద్దీ కాలంలో ఉచిత టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. పైన పార్కింగ్ చిన్నది, పెద్ద వ్యాన్‌కి తిప్పుకునే చోటు కూడా కష్టం. బండి బకియోలో వదిలి బస్సులోనో నడిచో వెళ్లండి. మెట్ల లెక్క చూసి మోసపోకండి, మెట్లు మొదలయ్యే చోటికి ఏటవాలు దారిలో దిగాలి, తిరిగి అంతా ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైనుంచి చూసి సంతృప్తి పడటమే మంచిది.

ఆ రాత్రి ముందాకా. ఇక్కడి క్యాంప్‌సైట్ కొండవాలు మీద అంచెలంచెలుగా ఉంటుంది. బుక్ చేసేటప్పుడే బండి పొడవు చెప్పాలి, లేకపోతే మీ వంతు అంచెలోకి బండి తిరగదు. నాలుగో రోజు బండి కదపకుండా రైల్లో గెర్నికా వెళ్లండి. 1937 ఏప్రిల్ 26న బాంబులతో నేలమట్టమైన ఊరు ఇది. శాంతి మ్యూజియం, బిస్కయా ప్రాంతపు సభ ముందున్న ఓక్ చెట్టు, రెంటికీ కలిపి సగం రోజు. సోమవారమైతే సంత కూడా ఉంటుంది.

ఐదో రోజు తీరం వెంట లెకేతియో, ఒందార్రోవా, ముత్రికు మీదుగా సరౌత్స్. ఎక్కడా గంటకు 40 కిలోమీటర్లు మించి సాగదని అనుకుని బయల్దేరండి. సరౌత్స్ కొండ మీది క్యాంప్‌సైట్‌లో మూడు రాత్రులు పెట్టుకుంటే యాత్ర సగం గెలిచినట్టే. ఊళ్లో యూస్కోట్రెన్ స్టేషన్ ఉంది. ఒకవైపు సుమాయా, దేబా, మరోవైపు దొనోస్తియా, అన్నీ ఒకే రైలు దారిలో. గెతారియాకి సముద్రం పక్కనే నాలుగు కిలోమీటర్ల కాలిబాట. పక్కనుండే ఎన్-634 రోడ్డు మీదికి తుపాను రోజుల్లో అలలు ఎగిసిపడతాయి, అప్పుడు మూసేస్తారు కూడా.

సుమాయాకి వెళ్లే రోజు ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా మహా అయితే ఒకటిన్నర మీటరు. ఇక్కడ పున్నమి, అమావాస్యలకు నాలుగు మీటర్లు దాటుతుంది. ఇత్సురున్ బీచ్‌కి నీళ్లు పూర్తిగా వెనక్కి తగ్గే సమయానికి గంటన్నర ముందు చేరండి. అరలో నిలబెట్టిన పుస్తకాల్లా రాతిపొరలు అంచుల మీద నిలుచుని ఉంటాయి. ఒక గట్టి సున్నపురాయి పలక, ఒక మెత్తటి మట్టిపొర, మళ్లీ పలక. వేలితో తడిమితే మట్టిపొర పొడిగా రాలుతుంది, పలక గరుగ్గా నిలబడుతుంది. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్లనాటి సరిహద్దు పొర ఈ కొండచరియలోనే ఉంది. రాజమండ్రి దగ్గరి క్వారీల్లో లావా పొరల మధ్య దొరికిన సముద్రపు అవక్షేపాల్లోనూ భూగర్భ శాస్త్రవేత్తలు ఇదే కాలపు గుర్తులు చదివారు. కాబట్టి మనవాళ్లు ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడటం న్యాయం. నీళ్లు మళ్లీ పెరగడం మొదలైతే మాత్రం రాళ్ల మీద ఉండకండి, వెనక దారి ముందే మునుగుతుంది. నాచు మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు కావాలి.

ఎనిమిదో రోజు సరిహద్దు. బండి ఫ్రాన్స్ వైపు అందాయ్‌లో ఆపి, చిన్న పడవలో నిమిషాల్లో అవతలి ఒడ్డు ఒందర్రిబియాకి వెళ్లి రావచ్చు. పాస్‌పోర్టు వెంట ఉండాలి, తనిఖీలు జరుగుతుంటాయి. తర్వాత సాన్-జాన్-ద-లూజ్, అక్కడి నుంచి లోపలికి ఎస్పెలెట్. ఇక్కడి మిరపకాయకు 2000లో ఫ్రాన్స్ ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. ఇళ్ల ముందు గోడలకు ఎర్రటి దండలు కట్టి ఆరబెడతారు. మన గుంటూరు కాయతో పోలిస్తే కారం ఏమాత్రం కాదు, వాసన కోసం వాడే రకం. దండలు చూడాలంటే సెప్టెంబరు మొదలుకుని వెళ్లాలి, అక్టోబరు చివరి శని, ఆదివారాల్లో మిరప పండగ.

తొమ్మిదో రోజు డీ918 రోడ్డు మీద సాన్-జాన్-పియె-ద-పోర్. సోమవారం అక్కడ సంత, ఊరంతా కిక్కిరిసి ఉంటుంది. అక్కడి నుంచి ఇబాన్యేతా కనుమ, 1,057 మీటర్ల ఎత్తు, దాటితే రోన్సెస్‌వాయెస్. శాంతియాగో క్షేత్రానికి కాలినడకన వెళ్లే యాత్రికులు రోడ్డు అంచున నడుస్తుంటారు, మలుపుల్లో హారన్ కొట్టి బెదరగొట్టకుండా ఆగి దాటండి. పాంప్లోనాలో ఒక పూట. పదో రోజు విటోరియా మీదుగా బిల్బావో. ఒక రోజు ఎక్కువ ఉంటే ఉర్బాసా పీఠభూమి మీద గడపండి. గుర్రాలు, గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి, చీకటి పడ్డాక అక్కడ నడపొద్దు. ఆ కొండ కిందే ఉన్న ఉరెదెర్రా ఊటకు ముందస్తు బుకింగ్ తప్పనిసరి.

రోడ్లు, టోల్

బిల్బావో–సరిహద్దు ఏపీ-8 హైవేకి టోల్ ఉంది. దానికి ప్రత్యామ్నాయం ఎన్-634, ఉచితం, రెట్టింపు సమయం. దొనోస్తియా–పాంప్లోనా ఏ-15 మీద 3,500 కిలోల లోపు బండికి టోల్ లేదు.

వేగం: 3,500 కిలోల లోపు బండికి స్పెయిన్ హైవేల్లో 120, మామూలు రోడ్ల మీద 90, ఊళ్లలో దిశకొక లేన్ మాత్రమే ఉన్న వీధుల్లో 30. ఫ్రాన్స్‌లో మామూలు రోడ్ల మీద 80. రౌండ్ అబౌట్‌లో లోపల తిరుగుతున్న బండిదే హక్కు, అది ఎడమ నుంచి వస్తుంది. మన అలవాటుకు కళ్లు కుడికి పోతాయి, మొదటి రెండు రోజులు పక్కన కూర్చున్నవాళ్లు "ఎడమ" అని గట్టిగా చెబుతుండాలి.

కనుమ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలుంచి దిగితే మూడు టన్నుల బండికి చక్రాల దగ్గర కాలిన వాసన మొదలవుతుంది. ఆ వాసన వచ్చిందంటే పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు చల్లకండి, వేడి డిస్కు వంకర తిరుగుతుంది.

బోర్డుల మీద ఊళ్లకు రెండేసి పేర్లుంటాయి: బిల్బో–బిల్బావో, ఇరుఞ్ఞా–పాంప్లోనా, గస్తేయిజ్–విటోరియా. ఇర్తేరా అంటే బయటికి దారి, అపర్కలేకువా పార్కింగ్, ఇచితా మూసేశారు, కొంతుస్ జాగ్రత్త, హొందర్చా బీచ్.

టాయిలెట్ పెట్టె ఖాళీ చేయడం

దీన్నే అందరూ వాయిదా వేస్తారు, అదే పెద్ద పొరపాటు. పెట్టె 17–20 లీటర్లు పడుతుంది. మన అలవాటు ప్రకారం మగ్గుతో నీళ్లు వాడితే ఇద్దరికే ఒకటిన్నర రోజులో నిండుతుంది. క్యాంప్‌సైట్ టాయిలెట్లు వాడుకుంటూ, దీన్ని రాత్రి అవసరానికే ఉంచుకోండి.

1. లోపల కమోడ్ కింది తలుపు పూర్తిగా మూయండి. సగం మూసి ఉంటే పెట్టె బయటికి రాదు, లాగితే రబ్బరు చిరుగుతుంది.
2. బయటి తలుపు తీసి పెట్టెను అడ్డంగా లాగి, చక్రాల మీద నడిపించండి.
3. టాయిలెట్ పెట్టెల కోసమే ఉన్న పారబోత చోటే వాడండి. సింక్ నీళ్లు వదిలే నేల జాలీలో పోయడం నేరం, వెనక వచ్చేవాళ్లకు అన్యాయం.
4. గొట్టం మూత తీసి, గొట్టం కిందికి తిప్పి, పోసేటప్పుడు గాలి బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకోండి. నొక్కకపోతే గుటగుటమని ఎగిసి మీ కాళ్ల మీద పడుతుంది.
5. రెండు మూడు లీటర్లు పోసి ఊపి రెండుసార్లు కడగండి. బ్లీచింగ్ వాడొద్దు, రబ్బరు సీళ్లు ఎండిపోయి కారతాయి.
6. రెండు లీటర్ల నీళ్లు, సీసా మీద చెప్పినంత మందు వేసి తిరిగి తోయండి.

తాగే నీళ్ల కుళాయికి ఈ పెట్టెను తాకించకండి. కడగడానికి వేరే కుళాయి ఉంటుంది.

కొండల మీద చలి రాత్రి తర్వాత బండి కింద నీళ్ల మడుగు కనిపిస్తే కంగారు పడొద్దు. బాయిలర్ గడ్డకట్టకుండా కాపాడే వాల్వు, ఉష్ణోగ్రత మూడు డిగ్రీల దగ్గరికి పడితే తానే తెరుచుకుని నీళ్లు వదిలేస్తుంది. హీటర్ వేసి, లోపల వెచ్చబడ్డాక వాల్వు మూసి మళ్లీ నింపాలి.

గ్యాస్, కరెంటు, వంట

స్పెయిన్ గ్యాస్ బండ ఫ్రాన్స్‌లో మార్చరు, ఫ్రాన్స్‌ది స్పెయిన్‌లో మార్చరు, రెగ్యులేటర్లు కూడా వేరు. చిన్న నీలం క్యాంపింగ్‌గాజ్ సిలిండర్ ఒక్కటే రెండు చోట్లా దొరుకుతుంది. మీ బండిలో పెద్ద సిలిండర్ ఉంటే సరిహద్దు దాటే ముందు ఎంతుందో ఎత్తి చూసుకోండి. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ మంట చచ్చిపోతుంది, కొండల్లో ప్రొపేన్ కావాలి. నడిపేటప్పుడు సిలిండర్ వాల్వు కట్టేయండి.

క్యాంప్‌సైట్ కరెంటు స్తంభం ఎన్ని ఆంపియర్లో అడగండి. 5 ఆంపియర్లంటే 230 వోల్టుల దగ్గర 1,150 వాట్లు. రైస్ కుక్కర్ 700 వాట్లు, నడుస్తుంది. కెటిల్ 2,000 వాట్లు, పెట్టగానే ఫ్యూజు కొడుతుంది. ఆ పెట్టెకు తాళం ఉంటే ఆఫీసు తెరిచే దాకా చీకట్లో ఉండాలి. నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి. వైరు చుట్టను పూర్తిగా విప్పి పరవండి, చుట్టగా ఉంచి లోడ్ వేస్తే వేడెక్కి కరుగుతుంది.

పోపు వేసేటప్పుడు పైన వెంటిలేటర్, ఎదురు కిటికీ రెండూ తెరవాలి. ఎండుమిరపకాయల ఘాటు ఆ చిన్న గదిలో అందరినీ బయటికి తరుముతుంది, వాసన పరుపులకు పట్టి శుభ్రం చేసే రుసుం పడుతుంది. పోపు సామాను ఇంట్లోనే నూనెలో వేయించి చిన్న సీసాలో తెచ్చుకుంటే ఆ బాధే లేదు. కుక్కర్ ఆవిరి కూడా గోడలకు చెమ్మ పట్టిస్తుంది, వీలైతే పందిరి కింద బయట వండండి, అదీ క్యాంప్‌సైట్‌లోనే.

బాస్క్ వైపు సూపర్‌మార్కెట్లు ఆదివారం దాదాపు అన్నీ మూసే ఉంటాయి. శనివారం సాయంత్రానికల్లా ఎరోస్కీలోనో మరోచోటో బియ్యం, పెరుగు, కూరగాయలు తెచ్చుకోండి. బుధవారం ఒర్దీసియాలో 1512 నుంచి నడుస్తున్న సంత, శనివారం తొలోసా సంత, రెండూ రైతులు నేరుగా అమ్మేవే. గెర్నికా పచ్చి మిరప నూనెలో వేయించి ఉప్పు చల్లుకుంటే పెరుగన్నంలోకి అద్భుతంగా ఉంటుంది. తొలోసా నల్ల చిక్కుడు గింజలు కొని ఉలవచారు పద్ధతిలో మరిగించండి, రాత్రంతా నానబెట్టాలి.

శాకాహారులు బార్లలో జాగ్రత్తగా అడగాలి. ఆలివ్, పచ్చిమిరప గుచ్చిన హిల్దాలో చేప ఉంటుంది. హోటల్లో తొలోసా గింజలు పంది మాంసంతో వస్తాయి. ఇదియసాబల్ జున్నులో పాలు విరగడానికి గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. గుడ్డు తినేవాళ్లకు బంగాళదుంప తొర్తియా (మందపాటి ఆమ్లెట్) ఎక్కడైనా దొరుకుతుంది. మధ్యాహ్న భోజనం ఒకటి నుంచి మూడున్నర, రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే. మధ్యలో వంటగదులు మూసేస్తారు. అస్తిగర్రాగాలో యాపిల్ రసం పులియబెట్టి చేసే సైడర్ రుచి చూడాలనుకుంటే ఆ రాత్రి బండి కదలని చోట పెట్టుకుని వెళ్లండి.

బండి అప్పగించడం

ఆఖరి రాత్రి బిల్బావోకి అరగంట దూరంలో ఉండండి. చాలా అద్దె ఆఫీసులు ఆదివారం తెరవవు, శనివారం మధ్యాహ్నానికే మూస్తాయి. విమానం టికెట్ తీసేటప్పుడే ఇది చూసుకోవాలి. క్యాంప్‌సైట్‌లోనే టాయిలెట్ పెట్టె, మురుగు నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, నేల తుడిచి బయల్దేరండి. పెట్టె నిండి ఉంటే విధించే రుసుం చాలాచోట్ల ఒక రాత్రి బస కన్నా ఎక్కువ. ఆఫీసుకు దగ్గర బంకులో డీజిల్ నింపి రసీదునూ మీటరునూ కలిపి ఒకే ఫొటో తీయండి. మళ్లీ చుట్టూ వీడియో, పైకప్పుతో సహా, ఆఫీసు మనిషి పక్కనుండగా. దెబ్బలేమీ లేవని కాగితం మీద సంతకం తీసుకోకుండా తాళాలు ఇవ్వకండి. డిపాజిట్ తిరిగి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. జరిమానాలేమైనా ఉంటే వారాల తర్వాత కార్డుకు వస్తాయి, అప్పటి దాకా ఆ కార్డు రద్దు చేయకండి, ఒప్పందం పారేయకండి.